రెండు రోలర్ల నడుమ కుదురు

(నెల్లూరులో ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులు, రైస్‌మిల్లు మెకానిక్కులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను చెప్పేదాంట్లో కొంత దగ్గర్నించి చూస్తేనే అర్థమవుతుంది.

ఈ బల్ల మీద రెండు వస్తువులు పెట్టాను. ఒకటి మీలో సగంమందికి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. వడ్లకు పొట్టు తీసే షెల్లర్‌లో వాడే రబ్బరు రోలర్ల జత. అరిగిపోయాక తీసేసిన జత, ఇక్కడికి వచ్చిన మిల్లు మెకానిక్కులే తెచ్చి ఇచ్చారు. రెండోది ఈ అగ్గిపెట్టెలో ఉంది. దాని సంగతి నడుమలో చెబుతాను.

మా నాయన బుచ్చిరెడ్డిపాళెం దారిలో ఒక రైస్‌మిల్లులో యంత్రం నడిపే డ్రైవరుగా చేసేవాడు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట నేను క్యారేజీ తీసుకుపోయేవాణ్ణి. నన్ను చూడగానే అన్నానికి వచ్చేవాడు కాదు. షెల్లర్ కింద చెయ్యి పెట్టి గుప్పెడు తీసేవాడు. అరచేతిలో పలచగా పరిచి ఒక్కసారి ఊదేవాడు. ఊక ఎగిరిపోతే మిగిలింది చూసేవాడు. వడ్లు ఎక్కువ కనబడితే రోలర్ల మధ్య సందు మార్చే చక్రం కాస్త బిగించేవాడు. నూక ఎక్కువ కనబడితే కాస్త వదులు చేసేవాడు. మళ్లీ గుప్పెడు తీసేవాడు. రెండు మూడు సార్లు అలా చూసుకున్నాక గాని చేతులు కడుక్కునేవాడు కాదు.

నేను ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్లూ రోలర్ల మధ్య లోహాన్ని పోత పోసే పనిలోనే ఉన్నాను. మొదట అల్యూమినియం, తర్వాత ఉక్కు. ఒకరకంగా నాయన చేసిన పనే నేనూ చేశాను. తేడా ఒక్కటే. ఆయనకు గుప్పెడు తీసి, ఊది, చూసి, చక్రం తిప్పే వ్యవధి ఉండేది. ఐదు నిమిషాలు తేడాగా వచ్చినా పొట్టు పోని వడ్లను మళ్లీ షెల్లర్‌లో పోస్తే సరిపోయేది. ఉక్కు దగ్గర ఆ వ్యవధి లేదు. ఈ పూట నేను మాట్లాడేదంతా ఆ లేని వ్యవధి గురించే.

ముందు మామూలు పద్ధతి. కారు డోరుకో బీరువాకో వాడే ఉక్కు రేకు ఎలా తయారవుతుంది? కరిగిన ఉక్కును అచ్చులో పోసి 200 నుంచి 250 మిల్లీమీటర్ల మందాన స్లాబులు తీస్తారు. స్లాబు నిమిషానికి ఒకటి రెండు మీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. నడిబొడ్డు దాకా గడ్డకట్టడానికి పావుగంట పైనే పడుతుంది. దాన్ని మళ్లీ కొలిమిలో 1200 డిగ్రీల దాకా కాచి, వరసగా నిలబెట్టిన భారీ రోలింగ్ స్టాండ్ల గుండా పంపి రెండు మిల్లీమీటర్లకు సాగదీస్తారు. ఆ మిల్లు పొడవు కొన్ని వందల మీటర్లు ఉంటుంది. వంద రెట్లు మందంగా పోసి, మళ్లీ వందో వంతుకు నొక్కడం. చదువుకునే రోజుల్లో ఈ మాట వినగానే నాకు మనసొప్పలేదు. చివరికి కావలసింది రెండు మిల్లీమీటర్లే అయినప్పుడు మొదటే రెండు మిల్లీమీటర్లు ఎందుకు పోయకూడదు?

ఈ ప్రశ్న వేసిన మొదటివాణ్ణి నేను కాదు. బెస్సెమర్ పేరు మీరంతా చదివారు, ఇనుమును ఉక్కుగా మార్చే కన్వర్టర్ కనిపెట్టినాయన. ఆయన 1846లో రెండు రోలర్ల మధ్య గాజు పోసి పలక తీయడానికి ప్రయత్నించాడు. తర్వాత పదేళ్లకు అదే ఉపాయం ఉక్కుకు పట్టించి పేటెంటు తీసుకున్నాడు. చల్లటి రోలర్లు రెండు పక్కపక్కన పెట్టి, ఎదురెదురుగా లోపలివైపుకు తిప్పుతూ, పైన ఏర్పడే సందులో కరిగిన లోహం పొయ్యడం. కింద నుంచి రేకు దిగుతుంది. ఆలోచన అంతే, చెరకు రసం బండి చూసిన పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. కానీ కార్బన్ ఉక్కుతో ఈ పద్ధతి వ్యాపార స్థాయిలో నడిచింది 2002లో. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని క్రాఫర్డ్స్‌విల్‌లో న్యూకోర్ కంపెనీ నడిపింది. దాని వెనక ఆస్ట్రేలియాకు చెందిన బీహెచ్‌పీ, జపాన్‌కు చెందిన ఐహెచ్ఐ ఏళ్ల తరబడి చేసిన కృషి ఉంది. అంతకుముందు 1990ల్లో జపాన్‌లోని హికారిలో, జర్మనీలోని క్రెఫెల్డ్‌లో స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేశారు. అవి ఎక్కువకాలం నిలదొక్కుకోలేదు. ఇప్పుడు చైనాలో కూడా నడుస్తున్నాయి.

ఆలోచనకూ ఆచరణకూ మధ్య దాదాపు నూట యాభై ఏళ్లు. మధ్యలో ఎవరూ ప్రయత్నించక కాదు. ఎంతోమంది పోశారు. రేకు వచ్చింది కూడా. నిమిషం వచ్చింది, రెండు నిమిషాలు వచ్చింది, తర్వాత చిరిగింది. రేకు తీయడం ఒక ఎత్తు, గంటన్నర పాటు ఒకేలా తీయడం ఇంకొక ఎత్తు. ఇంగ్లిషు పుస్తకాల్లో దీన్ని ప్రాసెస్ స్టెబిలిటీ అంటారు. నాకు మన మాటే ఇష్టం, కుదురు. గుండ్రటి అడుగున్న కుండ నిలబడాలంటే కింద కుదురు వెయ్యాలి. కుండ ఊగడం మొదలుపెట్టాక చేత్తో పట్టుకుందామనుకునే ఇల్లాలు ఉండదు, నీళ్లు పోసే ముందే కుదురు సరిచూసుకుంటుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు నాతోపాటు వెయ్యండి. క్రాఫర్డ్స్‌విల్ తరహా యంత్రంలో రోలర్ వ్యాసం 500 మిల్లీమీటర్లు. అంటే చుట్టుకొలత మీటరున్నరకు కాస్త పైన, 1.57 మీటర్లు. రేకు నిమిషానికి 80 మీటర్ల వేగంతో దిగుతుందనుకుందాం. సెకనుకు మీటరూ పావు వంతు పైన, 1.33 మీటర్లు. రెండు రోలర్ల మధ్య పైన కరిగిన ఉక్కు చిన్న కుంటలాగా నిలిచి ఉంటుంది. ఆ కుంట రోలర్‌ను తాకే వంపు 40 డిగ్రీలనుకుంటే, దాని పొడవు 175 మిల్లీమీటర్లు. 175 మిల్లీమీటర్లు, సెకనుకు 1.33 మీటర్లు. ఎంత వ్యవధి?

ఎవరో చెప్పారు, అవును, 0.13 సెకను.

ఆ 0.13 సెకనులో 1500 డిగ్రీల పైన ఉన్న ద్రవం రోలర్‌ను తాకి, దాని మీద 0.8 మిల్లీమీటర్ల పొరగా గడ్డకట్టాలి. అటు రోలర్ మీద ఒక పొర, ఇటు రోలర్ మీద ఒక పొర. రెండూ రోలర్లు బాగా దగ్గరయ్యే చోటికి వచ్చేసరికి ఒకదాన్నొకటి ముట్టుకుని, అంటుకుని, 1.6 మిల్లీమీటర్ల రేకై కిందికి దిగాలి. కన్ను మూసి తెరిచే లోపల జరిగిపోతుంది. స్లాబుకు పావుగంట, దీనికి ఇంత.

ఇంకో లెక్క. ఇది నాకు బాగా ఇష్టమైనది. ఆ కుంటలో ఒక క్షణంలో ఎంత ఉక్కు ఉంటుంది? వెడల్పు 1345 మిల్లీమీటర్లు వేసుకోండి, లోతు 160, పైన నోరు 117 మిల్లీమీటర్లు వస్తుంది. అడుగుకు వచ్చేసరికి సన్నగా రెండు మిల్లీమీటర్ల లోపు. పక్కలు వంపుగా ఉంటాయి కాబట్టి ఘనపరిమాణం అనుకున్నదానికంటే చాలా తక్కువ. లెక్క తేల్చితే సుమారు 56 కిలోలు. ఒక వడ్ల బస్తా బరువు కూడా లేదు. కిందికి రేకుగా పోతున్నది సెకనుకు 22 కిలోల పైనే. అంటే రెండున్నర సెకన్లకొకసారి కుంట మొత్తం ఖాళీ అయి కొత్తది నిండుతోంది.

మన సోమశిల నిండితే 78 టీఎంసీలు. అక్కడ గేటు ఓ గంట ఆలస్యంగా ఎత్తినా, దించినా జలాశయానికి తెలియదు. నిల్వ పెద్దదైతే తప్పును అది తనలో కలుపుకుంటుంది. ఈ కుంటకు ఆ ఓర్పు లేదు. పైనుంచి వచ్చే ధార నూటికి ఐదు పాళ్లు పెరిగితే చాలు, కుంట మట్టం సెకనుకు ఒక మిల్లీమీటరు చొప్పున లేస్తుంది. మట్టం లేస్తే రోలర్‌ను తాకే వంపు పెరుగుతుంది, పొర మందం మారుతుంది. మట్టం నెమ్మదిగా మారితే ఫర్వాలేదు, సర్దుకోవచ్చు. అలలాగా ఊగితేనే ప్రమాదం. అల లేచినచోట పొర ముందుగా మొదలవుతుంది, దిగినచోట ఆలస్యంగా మొదలవుతుంది. రేకు మీద అడ్డంగా గీతలు పడతాయి, ఆ గీతల వెంబడి సన్నటి పగుళ్లు దాక్కుంటాయి.

సరే, సెన్సార్ పెడదాం, కంప్యూటర్ చూసుకుంటుంది కదా అంటారు. ఇంటర్వ్యూకు వచ్చిన పిల్లలందరూ నాకు ఈ మాట చెప్పినవాళ్లే. పెడదాం. రేకు మందం కొలిచే ఎక్స్‌రే గేజీ రోలర్లకు ఆనుకుని ఉండలేదు, అక్కడ వేడి, మెరుపు, పొగ. నాలుగు మీటర్ల అవతల పెట్టామనుకోండి. రేకు అక్కడికి చేరడానికి మూడు సెకన్లు. మూడు సెకన్లంటే కుంట ఒకసారి పూర్తిగా మారిపోయిన తర్వాత. గేజీ చెప్పేది ఇప్పుడు లేని ఉక్కు గురించి. దాన్ని నమ్మి చక్రం తిప్పితే, తప్పు చేసిన ఉక్కును వదిలేసి తర్వాత వచ్చిన దాన్ని దండించినట్టవుతుంది. పోయిన సంగతి చూసి ఇప్పటిదాన్ని కదిలిస్తే ఊగిసలాట ఇంకా పెరుగుతుంది. కంట్రోల్ ఇంజనీర్లు దీన్ని డెడ్ టైమ్ అంటారు. మీ సిలబస్‌లో ఉంది, సమీకరణం రాసి పేజీ తిప్పేస్తారు. ఆ పేజీ దగ్గర కాస్త ఆగండి.

అందుకని కొలిచి దిద్దడం మీద ఎంత ఆధారపడాలో అంతే ఆధారపడాలి. మిగతాదంతా ఉక్కు వచ్చి పడకముందే సిద్ధం చేసుకోవాలి. నేను నేర్చుకున్నది ఇదే, ఇది నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఎక్కడెక్కడ సిద్ధం చేసుకోవాలో చెబుతాను.

మొదటి తాకిడి. కరిగిన ఉక్కు రోలర్‌ను ముట్టుకునే మొదటి కొన్ని మిల్లీసెకన్లలోనే పొర నాణ్యత దాదాపు తేలిపోతుంది. రోలర్లు రాగి మిశ్రమంతో చేస్తారు, పైన నికెల్ లాంటి పూత ఉంటుంది, లోపల నీళ్లు పరుగెడుతుంటాయి. రాగి 1085 డిగ్రీలకే కరుగుతుంది. దాని మీద 1500 డిగ్రీల ఉక్కు పోస్తున్నాం. అయినా రోలర్ కరగకపోవడానికి కారణం ఆ 0.13 సెకను, తర్వాత తిరుగుడు పూర్తయ్యేవరకు దొరికే ఒక సెకను చల్లదనం, లోపలి నీళ్లు. అంత గట్టి ఏర్పాటులోనూ ఒక బలహీనత ఉంది. ఉక్కు రోలర్‌ను అంతటా ఒకేలా తాకదు. మైక్రోస్కోపులో చూస్తే రోలర్ పైభాగం ఎత్తుపల్లాల నేల. ఎత్తుల మీద ఉక్కు ఆనుతుంది, పల్లాల్లో వాయువు చిక్కుకుంటుంది. ఆనినచోట వేడి గుంజుకుపోతుంది, వాయువు ఉన్నచోట నిలిచిపోతుంది. పొర ఒకచోట మందం, ఒకచోట పలచన.

నూనె రాయని పెనం మీద దోసె వేసినప్పుడు చూడండి, మచ్చలు మచ్చలుగా కాలుతుంది. చుట్టూ కాస్త నూనె వేస్తే అంచుల దాకా ఒకే రంగు వస్తుంది. నూనె ఆ సన్నటి సందుల్లోకి పోయి పెనం వేడిని పిండికి అందిస్తుంది. ఉక్కు దగ్గర ఆ నూనె పని చేసేది ఆక్సైడ్. ఉక్కులోని మాంగనీసు, సిలికాన్ ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడే ఆక్సైడ్లు రెండూ తగిన పాళ్లలో కలిస్తే, ఉక్కు పోసే వేడి దగ్గర ద్రవంగానే ఉంటాయి. అవి పలచటి పొరగా రోలర్ మీద పరుచుకుని సందులు నింపుతాయి. వేడి అంతటా ఒకేలా పోతుంది. అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, కలిసిందంటే ఆ ఆక్సైడ్ గట్టిపడుతుంది, సందులు నింపదు, పైగా ఉక్కు పోసే నాజిల్ రంధ్రాలకు అడ్డం పడుతుంది. అందుకే స్లాబు పోతలో మామూలుగా వాడే అల్యూమినియంను ఇక్కడ పక్కనపెట్టి, మాంగనీసు సిలికాన్‌లతోనే ఉక్కులో ఆక్సిజన్‌ను తగ్గిస్తారు. చూశారా, రేకు చిరగడానికీ చిరగకపోవడానికీ కారణం ఒక్కోసారి యంత్రంలో ఉండదు, గంట ముందు కరిగిన ఉక్కు ఉండే పెద్ద పాత్ర, లాడిల్ దగ్గర ఎవరో వేసిన మూటలో ఉంటుంది.

ఆ ఆక్సైడ్ రోలర్ మీద పేరుకుపోకుండా తిరుగుతున్నంతసేపూ బ్రష్షుతో తుడుస్తుంటారు. పూర్తిగా గీకేసినా తప్పే, వదిలేసినా తప్పే. అల్యూమినియం పోతలో మేము గ్రాఫైట్ కలిపిన నీళ్లు రోలర్ మీద చిమ్మేవాళ్లం, రేకు అతుక్కోకుండా. అక్కడ ఆరు మిల్లీమీటర్ల రేకు, నిమిషానికి ఒక మీటరు వేగం. చిమ్మే గొట్టం ఒకచోట మూసుకుపోతే, కాసేపటికి సరిగ్గా ఆ పట్టీ వెంబడే రేకు రోలర్‌కు అంటుకుని పైకి లేచేది. అప్పుడు పరుగెత్తుకెళ్లి గొట్టం శుభ్రం చేసేవాళ్లం. పరుగెత్తే వ్యవధి ఉండేది. ఉక్కులోకి వచ్చాక ఆ అలవాటు వదిలించుకోవడానికి చాలా కష్టపడ్డాను.

రెండోది, ఒత్తిడి. రెండు పొరలు సరిగ్గా రోలర్లు దగ్గరయ్యే చోట కలవాలన్నాను. కాస్త ఆలస్యమై, ఆ చోటు దాటినా నడుమ ఇంకా ద్రవం మిగిలి ఉంటే, రేకు లోపలి వేడికి పొరలు మళ్లీ మెత్తబడి ఉబ్బుతాయి, తెగుతాయి. ముందే కలిస్తే, గట్టిపడిన ముద్ద సందులోకి మేకులాగా దిగుతుంది. రోలర్ల మీద తోపు ఒక్కసారిగా పెరుగుతుంది, ఎర్రగా కాలి ఉన్న ఉక్కు ఆ నొక్కుడుకు పగులుతుంది. అల్యూమినియంలో అయితే లోహం ముందే గట్టిపడి, రోలర్లు దాన్ని బలంగా నొక్కి సాగదీస్తాయి. ఉక్కులో నొక్కుడు వద్దు. రెండు పొరలూ ముట్టుకుంటే చాలు.

మిల్లు అన్నలకు ఇది బాగా తెలిసిన సమస్య. పాత షెల్లర్‌లో చక్రం తిప్పి సందు బిగిస్తారు, సందు స్థిరం, ఒత్తిడి మారుతుంది. కొత్త షెల్లర్‌లో గాలి సిలిండరు ఒత్తిడి స్థిరంగా ఉంచుతుంది, సందు దానికదే సర్దుకుంటుంది. ఉక్కులోనూ ఈ రెండు దారులే. సందు బిగించి కూర్చుంటే పొర కాస్త మందమైనా ఒత్తిడి ఎగబాకుతుంది. ఒత్తిడి పట్టుకుని కూర్చుంటే సందు తెరుచుకుని రేకు మందం మారుతుంది. ఏదో ఒకటే పట్టుకుంటే పని జరగదు. ఒత్తిడి పెరిగితే వేగం పెంచాలి, పొర పెరిగే వ్యవధి తగ్గుతుంది కాబట్టి. వేగం పెంచితే కుంట మట్టం దిగుతుంది. మట్టం నిలబెట్టడానికి పైనుంచి ధార పెంచాలి. ధార పెంచితే కుంటలో అలలు. అలలు వస్తే పొరలో తేడా. తేడా వస్తే మళ్లీ ఒత్తిడి. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వచ్చాం. ముగ్గురు కంట్రోలర్లు ఒకే వేగంతో స్పందిస్తే ఒకరి సర్దుబాటు ఇంకొకరికి కుదుపవుతుంది. అందుకని వంతులు పెట్టాలి. రోలర్ సందు చాలా త్వరగా స్పందించాలి, మట్టం ఇంకాస్త నిదానంగా, వేగం అన్నిటికంటే నిదానంగా.

రోలర్ నూటికి నూరుపాళ్లు గుండ్రంగా ఉండదు. చల్లగా ఉన్నప్పుడు గుండ్రంగా చెక్కినా, వేడెక్కాక అక్కడక్కడా ఉబ్బుతుంది. వెంట్రుక మందం అంటే 70, 80 మైక్రాన్లు. 1600 మైక్రాన్ల రేకులో ఆ వెంట్రుకంత తేడా వస్తే నూటికి నాలుగైదు పాళ్లు. కానీ ఈ తప్పుకు ఒక మంచి గుణం ఉంది. రోలర్ తిరిగిన ప్రతిసారీ, అంటే రేకు మీద సరిగ్గా 1.57 మీటర్లకొకసారి, అదే చోట వస్తుంది. మళ్లీ మళ్లీ వచ్చే తప్పును కంప్యూటర్ నేర్చుకోగలదు. పోయిన తిరుగుడులో ఎక్కడ ఉబ్బిందో గుర్తుపెట్టుకుని, ఈ తిరుగుడులో ఆ చోటు రాకముందే సందు సర్దుతుంది. ఆలస్యంగా వచ్చిన కొలత ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే రాబోయేది ఏమిటో ముందే తెలుసు. నిమిషానికి 51 తిరుగుళ్లు. 110 టన్నుల లాడిల్ పూర్తవడానికి 80 నిమిషాలు పడుతుంది. అప్పటికి ఆ రాగి నాలుగు వేల సార్లు మండి, నాలుగు వేల సార్లు చల్లబడుతుంది. సాఫ్ట్‌వేర్ నేర్చుకునే పిల్లలు ఇటు కూడా చూడండి, మీ చదువుకు ఇక్కడ నిజమైన పని ఉంది.

ఇక ఈ అగ్గిపెట్టె.

రోలర్ల మధ్య కుంట నిలవాలంటే రెండు చివర్లా గోడలు కావాలి. వాటిని సైడ్ డ్యాములంటారు, బోరాన్ నైట్రైడ్ లాంటి పింగాణీ పదార్థంతో చేస్తారు. తిరిగే రోలర్ల అంచులకు అవి ఆనుకుని, రాపిడికి అరుగుతూనే, ద్రవ ఉక్కును కారనివ్వకుండా ఆపాలి. గట్టిగా నొక్కితే త్వరగా అరుగుతాయి. వదులుగా ఉంటే అంచు నుంచి ఉక్కు జారుతుంది. అన్నిటికంటే ముఖ్యం, అవి ఉక్కు పోసే ముందే ఎర్రగా కాలి ఉండాలి. చల్లగా ఉంటే మొదటి ఉక్కు వాటి మీదే గడ్డకడుతుంది.

నేను ఒక ప్రయోగశాలలో చిన్న యంత్రం మీద పనిచేసేవాణ్ణి. ఒకసారికి అరవై కిలోల ఉక్కు, అర నిమిషం పోత. ఆ రోజు చూడటానికి పెద్దవాళ్లు వచ్చారు. ఫర్నేసు దగ్గర ఉష్ణోగ్రత ఇంకా చాలలేదని కరిగించేవాళ్లు ఆగమన్నారు. మేము అప్పటికే డ్యాములను కాచే హీటర్లు తీసేశాం. తీశాక వెంటనే పొయ్యాలి. నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. డ్యాము రంగు నారింజ నుంచి ముదురు ఎరుపుకు దిగింది, నేను కళ్లారా చూశాను. మళ్లీ కాచాలంటే ఇరవై నిమిషాలు. పక్కన నిలబడ్డవాళ్లు గడియారం చూసుకుంటున్నారు. పోద్దామన్నాను. ఆ మాట అన్నది నేనే.

మొదటి పన్నెండు సెకన్లు రేకు చక్కగా దిగింది. ఆ తర్వాత టక్కుమని ఒక శబ్దం. రోలర్లు విడివడి మళ్లీ దగ్గరయ్యాయి. రేకు అంచు దగ్గర తెల్లటి మచ్చ ఒకటి కిందికి జారింది. మచ్చ వెనకే చిరుగు, చిరుగులోంచి ద్రవం. ఇసుక తొట్టిలో పడి రవ్వలు లేచాయి. ఎవరికీ ఏమీ కాలేదు, ఉక్కు ధారను ఆపే స్టాపర్ దించేశాం. చల్లారాక తుక్కులో వెతికితే ఇది దొరికింది.

చూడండి, చింతగింజంత ఉంది. ఒక పక్క నున్నగా బల్లపరుపుగా ఉంది, ఆ పక్క డ్యామును ఆనుకుని గడ్డకట్టింది. రెండో పక్క గరుకు, అది కుంటలో వైపు. మందం ఆరు మిల్లీమీటర్లు. సందు రెండు మిల్లీమీటర్లు. డ్యాము మీద పుట్టి, పెరిగి, ఊడి, సందులో పడింది. రోలర్లను తెరిచింది. తెరుచుకున్న ఆ క్షణంలో మిగతా వెడల్పంతా పొరలు కలవలేదు. ఒక్క మూల గింజ పడితే రేకు అంతటికీ ఆధారం పోయింది. రోలర్ మీద పడిన గీత తీయించడానికి నెల పట్టింది. ఆ పరీక్షలో ఒత్తిడి, మట్టం, వేగం నమోదైన కాగితాలు నేను చాలాసార్లు చూశాను. టక్కుమనే దాకా అన్నీ సరళరేఖలే. కొలతల్లో ఎక్కడా తప్పు లేదు. తప్పు నాలుగు నిమిషాల ముందు, కొలవని చోట జరిగిపోయింది.

అప్పట్నించి హీటరు తీశాక తొంభై సెకన్లలో ఉక్కు రాకపోతే పోత ఆపేసి మళ్లీ కాచడమే అని గోడ మీద రాసి పెట్టాం. ఎవరు వచ్చి నిలబడినా ఆ రాత మారలేదు.

ఇంకో మాట, ధారను పంచడం. లాడిల్ నుంచి టండిష్ అనే తొట్టిలోకి, అక్కడి నుంచి పొడవాటి నాజిల్ ద్వారా కుంట వెడల్పంతా ఉక్కు పరుచుకోవాలి. నడుమ ఎక్కువ పడి చివర్లకు వేడి ఉక్కు అందకపోతే, మళ్లీ ఆ మూలల్లోనే గింజలు పుడతాయి. మూలలకు విడిగా కాస్త ఎక్కువ వేడి ఉక్కు అందేలా నాజిల్ చివరలు మలుస్తారు.

ఒంగోలు నుంచి వచ్చిన విద్యార్థి ఇందాక బయట అడిగాడు, కొణిజేడు కొండల్లో ఇనుప ఖనిజం ఉంది కదా, మనకు ఇలాంటి ప్లాంటు ఎందుకు రాకూడదని. ఖనిజం ఒక్కటే దీనికి ఆధారం కాదు నాయనా. ఇలాంటి ప్లాంటు తుక్కు ఇనుము కరిగించి కూడా నడుస్తుంది, లాడిల్ నుంచి కాయిల్ చుట్టేదాకా అరవై మీటర్ల లోపు స్థలం చాలు. కావలసింది ఆ అరవై మీటర్ల పొడవునా ప్రతి వస్తువునూ తాకి, చూసి, సరిచేసి గాని పోత మొదలుపెట్టని మనుషులు. మన మిల్లుల్లో అలాంటివాళ్లను చూస్తూనే నేను పెరిగాను.

ఇక మీరు వచ్చి ఈ రబ్బరు రోలర్లను చేత్తో తడిమి చూడండి. నడుమ అరిగి పల్లం పడింది, రెండు చివర్లా గట్టులాగా మిగిలింది. హాపర్ నుంచి వడ్లు నడుమనే ఎక్కువ పడుతూ, చివర్ల దాకా పరుచుకోలేదన్నమాట. మా నాయన అయితే ఈ గట్టు వేలికి తగిలిన రోజే హాపర్ కింది రేకు విప్పి చూసేవాడు. అన్నా, ఈ జత మీ మిల్లుదే కదా, ఆ రేకు ఇప్పుడు ఎలా ఉందో మీరే చెప్పండి, మైకు అందుకోండి.